బోర్డులో దాక్కున్న మాటలు

ఆమెకి కామా అని పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. అసలు పేరు వేరే ఉంది కానీ, బడి రిజిస్టర్లోనూ పెళ్ళిపత్రికలోనూ తప్ప దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. చిన్నప్పుడు మాట్లాడ్డం మొదలుపెడితే ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగేది కాదు. "దీని మాటల్లో ఫుల్‌స్టాప్ అనేది లేదు, అన్నీ కామాలే" అన్నాడు నాన్న ఓ రోజు విసుగ్గా. అన్నయ్య పగలబడి నవ్వాడు. అంతే, ఆ పేరు జిగురు పూసినట్టు అతుక్కుపోయింది.

నాన్నకి ఇలాంటి పోలికలే తోచడంలో వింతేం లేదు. ఆయనది బోర్డుల షాపు. దుకాణాలకీ ఆస్పత్రులకీ ఆఫీసులకీ గోడల మీద బిగించే పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు తయారుచేసేవాడు. ముందు ఓ ఇరుకు గది, అందులో ఓ బల్ల, రెండు కుర్చీలు. వెనక రేకుల షెడ్డు. స్టీలు రేకు కోస్తున్నప్పుడు లేచే చప్పుడుకి పక్కింటివాళ్ళు కిటికీలు వేసేసుకునేవాళ్ళు. కామాకి మాత్రం ఆ చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు.

బడికి వెళ్ళకముందే ఆమెకి అక్షరాలన్నీ వచ్చు. అయితే వచ్చిన తీరు వేరు. టీచరు ఎ ఫర్ యాపిల్ అని చెప్పిస్తుంటే, కామాకి ఎ అంటే కాళ్ళు బారజాపి నడుముకి పట్టీ కట్టుకుని నిలబడ్డ మనిషి. ఓ అంటే మధ్యలోంచి గుండ్రటి బిళ్ళ ఒకటి ఊడివస్తుంది, నాన్న టీ గ్లాసు కింద పెట్టుకోవడానికి. ఐ అంటే అందరికీ ఇష్టం, రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఎస్ అంటే నాన్నకి తలనొప్పి. దాని వంపుల వెంట అంచు మడిచేసరికి ప్రాణం తోకకొస్తుంది అనేవాడు. ఎవరైనా కొత్తగా వచ్చి "మా షాపు పేరులో నాలుగు ఎస్‌లు ఉన్నాయండీ" అంటే, నాన్న మొహం చూసి కామా నవ్వాపుకోలేక షెడ్డులోకి పరిగెత్తేది.

షెడ్డులో ఓ మూల ఓ పెద్ద చెక్కపెట్టె ఉండేది. చేయించుకుని మళ్ళీ మొహం చూపించనివాళ్ళ అక్షరాలు, గీత పడ్డవి, పొరపాటున ఒకటి ఎక్కువ చేసినవి అన్నీ అందులో పడేసేవాడు. దాన్ని అనాథాశ్రమం అనేవాడు. బొమ్మలు కొనిపెట్టమంటే ఆ పెట్టె చూపించేవాడు. కామా నేలమీద చతికిలబడి ఆ అక్షరాలన్నీ కుమ్మరించి, పక్కపక్కన పేర్చి, అట్టలు ఊడిపోయిన ఓ డిక్షనరీ ఒళ్ళో పెట్టుకుని వెతికేది. ఈ ఐదక్షరాలతో ఏదైనా మాట అవుతుందా? ఈ ఆరింటితో? అయితే ఎగిరి గంతేసేది. కాకపోతే ఒక అక్షరం మార్చి మళ్ళీ మొదలు.

ఆ ఆట ముదిరి పిచ్చయింది. వీధిలో నడుస్తూ ఏ బోర్డు కనబడినా, దాని కడుపులో ఇంకేం మాట దాక్కుందా అని వెతకడమే.

"అన్నయ్యా, ఫార్మసీ చూడు! మొదటి పి తీసేస్తే ఆ తర్వాత నాలుగక్షరాలూ హార్మ్. హాని! మందుల షాపు పేరులోనే హాని పెట్టుకున్నారు!"

"ముందు చూసి నడువు. కాల్వలో పడతావ్."

"హాస్పిటల్ అని ఉంది కదా, దాని నడిమధ్యలో స్పిట్ ఉంది. స్పిట్ అంటే ఉమ్మడం. మళ్ళీ లోపల గోడల మీద ఉమ్మకూడదని వాళ్ళే రాస్తారు!"

అన్నయ్యకి అక్షరాల గోల పట్టదు. వాడికి మనుషులు కావాలి, తిండి కావాలి. ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళ పక్కన కూర్చుని ఇంకొంచెం వేసుకోండి, ఇంకొక్కటి అని కొసరి కొసరి పెట్టడంలో వాడికున్న ఆనందం దేంట్లోనూ లేదు. "వీడు నా షాపు చూసుకోడు, వంటింటి గుమ్మం దాటడు" అని నాన్న అప్పుడే తేల్చేశాడు. కోపంగా కాదు, ఉన్నమాటగా.

కామా పెద్దదై షాపులో నాన్నకి సాయంగా కుదురుకున్నాక ఓ రోజు ఓ కుర్రాయన వచ్చాడు. కళ్ళజోళ్ళ షాపు పెడుతున్నానన్నాడు. బోర్డు మీద ఆప్టికల్స్ అని ఉంటే చాలు, మిగతా హంగులేం వద్దన్నాడు. నాన్న కొలతలు రాసుకుంటుంటే కామా నోరు ఊరుకోలేదు.

"మీ బోర్డులో స్పాయిల్ అనే మాట ఉందండీ. పాడుచెయ్యడం."

నాన్న గట్టిగా దగ్గాడు. ఆ దగ్గుకి అర్థం లోపలికి వెళ్ళమని. కామా వెళ్ళలేదు.

కుర్రాయన కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎక్కడుందండీ?"

ఆమె పెట్టెలోంచి చిన్న ప్లాస్టిక్ అక్షరాలు తెచ్చి బల్లమీద పేర్చింది. ఎస్, పి, ఓ, ఐ, ఎల్. ఆయన వంగి చూశాడు. అన్నీ ఆప్టికల్స్‌లోవే, అనుమానం లేదు.

"కళ్ళు బాగుచేసే షాపుకి ఇది మంచి శకునం కాదే" అన్నాడు నెమ్మదిగా.

బేరం పోతే నాన్న వారం రోజులు మాట్లాడడు. కామా గబగబా అక్షరాలు మార్చింది. "ఇదిగో, పైలట్ కూడా ఉన్నాడండీ! పి, ఐ, ఎల్, ఓ, టి. విమానం నడిపేవాడు."

"వాళ్ళవి గద్ద కళ్ళు. వాళ్ళెవరూ నా షాపు మెట్లెక్కరు" అన్నాడాయన. అని నవ్వేశాడు.

బోర్డు తీసుకెళ్ళాక కూడా ఆయన రావడం మానలేదు. ఓసారి స్క్రూ వదులైందన్నాడు, ఓసారి ఎల్ కొంచెం వంగిందేమో చూడమన్నాడు. వంగలేదని నాన్నకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇక స్క్రూలన్నీ గట్టిగా ఉన్నాయని తేలిపోయాక, వేరే దారిలేక పెళ్ళిమాట ఎత్తాడు. కళ్ళజోళ్ళాయన మితభాషి. ఇద్దరూ మాట్లాడితే వినేదెవరని, అందుకే జోడీ కుదిరిందని చుట్టాలనేవాళ్ళు.

అదే రోజుల్లో అన్నయ్య బస్టాండుకి ఎదురుగా హోటల్ పెట్టాడు. దానికి ఏదో గొప్ప పేరు పెట్టాలని కాయితాల మీద కాయితాలు నింపాడు. నాన్న అవన్నీ చూసి పక్కన పెట్టాడు. "పేరెందుకురా? లోపల ఏం దొరుకుతుందో అది రాయి. ఆకలేసినవాడు పేరు చూడడు" అన్నాడు. అలా ఆ గోడమీద ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట వెలిసింది. రెస్టారెంట్. మోకాలెత్తు స్టీలు అక్షరాలు, పది. నాన్న ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే కోసి, తనే మడిచి, తనే పాలిష్ పట్టాడు. అందులో ఎస్ ఒకటే ఉన్నందుకు సంతోషించాడు కూడా. ఆయన చేసిన పెద్ద పనుల్లో అదే ఆఖరిది. ఆ తర్వాత చేతులు వణకడం మొదలైంది, తర్వాత కొన్నేళ్ళకి ఆయనా వెళ్ళిపోయాడు. షాపు కామా చేతికొచ్చింది.

హోటల్ చాలాకాలం బాగా నడిచింది. ఆ తర్వాత బస్టాండుని ఊరి అవతలి కొసకి మార్చారు. బస్సులతోపాటు ఆకలి కూడా అటే వెళ్ళిపోయింది. అన్నయ్య చేతనైనంతకాలం లాక్కొచ్చాడు. చివరికి వంటమనిషి కూడా కొత్త బస్టాండు దగ్గర పని చూసుకోవడంతో, ఓ రోజు షట్టర్ దించేసి, గోడమీది అక్షరాలు ఊడదీయించి, చిన్న ట్రాలీలో వేసుకుని చెల్లెలి షాపుకి వచ్చాడు.

"ఇవి పాత ఇనుముకి వేసెయ్" అన్నాడు.

"నాన్న చేసినవి అన్నయ్యా!"

"అందుకే నేను వెయ్యలేకపోతున్నా. నువ్వు వెయ్."

"బాగుంది. చిన్నప్పుడు నువ్వు తాగలేని పాలగ్లాసు నావైపు తోసేవాడివే, అలాగా?"

మామూలుగా అయితే దానికి ఏదో ఒకటి అనేవాడు. ఈసారి అనలేదు. గడ్డం మాసిపోయి ఉంది. ట్రాలీ అతన్ని పంపించేసి, తనూ తలొంచుకుని వెళ్ళిపోయాడు. కామా అక్షరాలన్నిటినీ తడిగుడ్డతో తుడిచి షెడ్డు గోడకి ఆనించింది.

కొన్నాళ్ళకి వదిన వచ్చింది. వదిన నిదానమైన మనిషి, మాట తూచి మాట్లాడుతుంది. హోటల్ నడిచినన్నాళ్ళూ వంటగది వెనక ఖాళీ జాగాలో, ఖాళీ నూనెడబ్బాల్లో మొక్కలు పెంచింది. ఆ డబ్బాలకి రంగులేసి, వాటి మీద పిట్టలూ తీగలూ గీసేది. చెయ్యి కడుక్కోవడానికి వెనక్కొచ్చిన వాళ్ళు తినడం మానేసి అక్కడే నిలబడి చూసేవాళ్ళు.

"మొక్కల షాపు పెడదామనుకుంటున్నా కామా. అదే చోట. కుండీలకి నేనే రంగులేస్తా. మీ అన్నయ్య వింటే కదా. మనుషులకి అన్నం పెట్టిన చోట మట్టి అమ్ముతావా అంటారు. కుర్చీలోంచి లేవరు, గడ్డం గియ్యరు. నిన్న టీవీ కట్టేసి ఉంటే దాన్నే చూస్తూ కూర్చున్నారు."

"బోర్డు ఏమని పెడతావు వదినా?"

"నర్సరీ అని పెడితే చాలు కదా."

కామా కళ్ళు గోడవైపు తిరిగాయి. ఆర్‌లు రెండు, ఎ‌లు రెండు, టి‌లు రెండు, ఇ, ఎస్, యు, ఎన్ ఒక్కొక్కటి. వేళ్ళమీద లెక్కపెట్టింది. ఎన్ ఉంది, యు ఉంది, రెండు ఆర్‌లూ ఉన్నాయి, ఎస్ ఉంది, ఇ ఉంది.

"వదినా! నర్సరీకి ఒక్క వై తప్ప అన్నీ ఇందులోనే ఉన్నాయి! నాన్న అక్షరాలే వాడొచ్చు. చూస్తే అన్నయ్య కాదనలేడు!"

ఆ సాయంత్రమే వై కోసింది. ఎంత శ్రద్ధగా చేసినా కొత్త స్టీలు కొత్త స్టీలే. నాన్న అంచు మడతలో ఉన్న మెత్తదనం ఆమె చేతికి రాలేదు. ఆరు పాత అక్షరాల చివర అది పెట్టుడుపన్నులా తళతళలాడింది. "ఫరవాలేదులే, దాని మీదికి తీగ పాకిస్తా" అంది వదిన.

మర్నాడు కళ్ళజోళ్ళాయన వెళ్ళి, బావగారిని ఏదో వంక చెప్పి తీసుకొచ్చాడు. నేలమీద నర్సరీ అని పేర్చి ఉంది. అన్నయ్య చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. చూసి, పక్కన మిగిలి ఉన్న నాలుగు అక్షరాల వైపు తిరిగాడు. కామా వాటిని ఊరికే ఎలా పడితే అలా పెట్టింది. టి, ఎ, టి, ఎ.

"టాటా" అని చదివాడు అన్నయ్య.

"బాగానే ఉంది. ఇన్నాళ్ళు అన్నం పెట్టినందుకు నాకు టాటా అన్నమాట" అన్నాడు.

కామాకి నవ్వొచ్చింది. రాకూడని సమయంలో వచ్చే నవ్వు ఆగదు కదా. పెదాలు బిగబట్టినా ముక్కులోంచి వచ్చేసింది. అన్నయ్య మొహం ఎర్రబడింది. వాడు గిరుక్కున తిరిగి వెళ్ళిపోయాడు. వెళ్ళే కంగారులో చేతిసంచీ బల్లమీదే వదిలేశాడు.

"నేను కావాలని పెట్టలేదు" అంది కామా.

"నువ్వు పెట్టలేదని తెలుసు" అన్నాడు కళ్ళజోళ్ళాయన. "నవ్వింది మాత్రం నువ్వే."

ఆ మాట ముల్లులా దిగింది. చేతిలో ఉన్న పనులు అవతల పెట్టేసి, మధ్యాహ్నమంతా షెడ్డులో ఒంటరిగా కూర్చుంది. నర్సరీ వద్దు, వైనీ వద్దు. ఏ అక్షరమూ మిగలకుండా, ఏ అక్షరమూ కలపకుండా, ఈ పదింటితోనే ఏదైనా మంచి మాట దొరికితే వాడి దగ్గరికి వెళ్ళి మాట్లాడొచ్చు. మోకాళ్ళమీద పాకుతూ బరువైన అక్షరాలని అటూ ఇటూ లాగింది. దొరికిన మాటలు చూస్తే ఏడుపొచ్చింది. ర్యాట్, ఎలుక. యాంట్, చీమ. రస్ట్, తుప్పు. రెంట్, అద్దె. చివరికి టియర్స్ అని పేర్చి, నుదురు కొట్టుకుంటూ ఉండగా గుమ్మంలో నీడ పడింది. అన్నయ్య సంచీ కోసం వచ్చాడు.

దాచడానికి అవి చిన్న అక్షరాలా? మోకాలెత్తువి, నేలంతా పరుచుకుని ఉన్నాయి.

"టియర్స్" అని చదివాడు. "కన్నీళ్ళు. ఇదీ నా బోర్డులోదేనా?"

"ఊఁ."

"ఇంకా ఏమున్నాయి?"

"ఏం లేవులే అన్నయ్యా."

"చెప్పవే!"

అబద్ధం చెప్పడం కామాకి ఎప్పుడూ చేతకాలేదు. "ఎలుక ఉంది. చీమ ఉంది. తుప్పు ఉంది. అద్దె కూడా ఉంది" అంది నేల చూపులు చూస్తూ.

అన్నయ్య భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నాడేమోనని కామా కంగారుగా లేచింది. కాదు. నవ్వుతున్నాడు. మొదట చప్పుడు లేకుండా, తర్వాత పెద్దగా, ఆఖరికి గోడ పట్టుకుని దగ్గు వచ్చేంతగా.

"అద్దె కట్టలేక చస్తున్నానని నాకు తెలుసు. చీమలతో ఎన్నేళ్ళు యుద్ధం చేశానో నాకు తెలుసు. కానీ నా హోటల్లో ఎలుకలున్నాయని ఒక్కడంటే ఒక్కడు చెప్పలేదు చూడవే!"

"నీ నెత్తిమీదే ఉంది, బోర్డులో" అంది కామా. ఇద్దరూ నేలమీద కూలబడి, చిన్నప్పుడు అనాథాశ్రమం పెట్టె పక్కన నవ్వినట్టు నవ్వారు.

నవ్వు అయిపోయాక అన్నయ్య సంచీ అందుకోలేదు. యు అనే అక్షరాన్ని కాలితో కొంచెం పక్కకి జరిపాడు. ఎన్ దగ్గరికి లాగాడు. "ఇదేదో మాటయ్యేలా ఉందే" అన్నాడు. కాలేదు. మళ్ళీ జరిపాడు.

మర్నాడు టిఫిన్ తిని నేరుగా షాపుకే వచ్చాడు. ఆ తర్వాతి రోజూ వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు గడ్డం గీసుకుని ఉన్నాడు. కామా చూసింది కానీ ఆ మాట ఎత్తలేదు. కొన్ని విషయాలు పేరు పెడితే చెదిరిపోతాయి. ఆమెకి ఆ మాత్రం తెలుసు, నోరు ఎంత వాగుడుదైనా.

అన్నయ్య వెతికే పద్ధతి చెల్లెలి పద్ధతిలా ఉండదు. ఆమె ముందు బుర్రలో పేర్చి తర్వాత చెయ్యి పెడుతుంది. వాడు కూరలో ఉప్పు చూసినట్టు ఒక్కో అక్షరం కలిపి చూస్తాడు. "రిటర్న్ దొరికింది!" అని ఓ రోజు కేకేశాడు.

"తిరిగి రావడమా? ఎవరు తిరిగొస్తారు, బస్టాండా?"

"నోట్లో మంచిమాట రాదే నీకు!"

ఇంకో రోజు ఇంకా పెద్దది దొరికింది. రీస్టార్ట్. అన్నయ్య కళ్ళు మెరిశాయి. "మళ్ళీ మొదలుపెట్టడం! ఇంతకంటే ఏం కావాలి? అదే పెడదాం."

అప్పుడే మధ్యాహ్నం భోజనానికి వచ్చిన కళ్ళజోళ్ళాయన, జోడు తీసి తుడుచుకుంటూ చూశాడు. "మోటార్ మెకానిక్ షాపనుకుంటారు బావగారూ" అన్నాడు. "బండ్లు తోసుకుంటూ వస్తారు."

"పోనీ నువ్వొకటి చెప్పు, తెలుస్తుంది!"

ఆయన కొంచెంసేపు చూసి "టాంట్" అన్నాడు. "దెప్పిపొడవడం. టి‌లు రెండున్నాయి కదా, సరిపోతాయి." అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. అన్నాచెల్లెళ్ళు మొహాలు చూసుకున్నారు. మాట్లాడనివాళ్ళు మాట్లాడితే ఇలాగే ఉంటుంది.

అలా ఓ రోజు కామా ముందు గదిలో ఎవరికో కొలతలు చెప్తుండగా, షెడ్డులో అక్షరాలు జరుగుతున్న గరగర ఆగిపోయింది. ఆగినది మళ్ళీ మొదలవలేదు. వచ్చినాయన వెళ్ళగానే లోపలికి వెళ్ళి చూసింది. అన్నయ్య నేలమీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆరక్షరాలు. ఎన్, ఎ, టి, యు, ఆర్, ఇ.

"నేచర్" అంది కామా. "ప్రకృతి! బాగుందన్నయ్యా, ఎంత బాగుంది!"

అన్నయ్య తల పైకెత్తలేదు. "ఇది నా హోటల్‌కి పనికిరాదు కదే."

"రాదు."

"మీ వదిన షాపుకే పనికొస్తుంది."

వాడు ఆ అక్షరాల్ని అలాగే చూస్తూ ఉండిపోయాడు. బయట ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"ఒక మొక్క బతకాలంటే ఏం చెయ్యాలో నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి ఇంత పెట్టడం" అన్నాడు చివరికి.

"తిండి పెట్టడం తెలిసినవాడికి నీళ్ళు పెట్టడం రాదా?" అంది కామా. "వచ్చినవాళ్ళతో మాట్లాడే పని వదిన చేస్తుందా? అరగంటకి ఒక్క మాట అంటుంది. ఈలోపు మనిషి వెళ్ళిపోతాడు."

అన్నయ్య పెదవి చివర కొంచెం కదిలింది. "మరి ఈ నాలుగు ఏం చేద్దాం?" అని మిగిలినవి ముందుకు తోశాడు. ఆర్, ఎ, టి, ఎస్. ఇద్దరూ ఒకేసారి చదివారు. ర్యాట్స్.

"ఈ ఎలుకలు మనల్ని వదలవే!"

అప్పుడు మొదలైంది అసలు రభస. అన్నయ్య ఆ నాలుగూ మార్చి స్టార్ అని పెట్టాడు. నేచర్ స్టార్. నక్షత్రం, గొప్పగా ఉంటుంది, ఇదే ఖాయం అన్నాడు. కామా మళ్ళీ మార్చి ఆర్ట్స్ అని పెట్టింది. నేచర్ ఆర్ట్స్. వదిన కుండీల మీద బొమ్మలేస్తుంది కదా, అతికినట్టు సరిపోతుందంది. స్టార్ అంటే స్టార్ అని వాడు, ఆర్ట్స్ అంటే ఆర్ట్స్ అని ఈవిడ. ఆ నాలుగు అక్షరాలూ ఇద్దరి చేతుల్లో పడి అటూ ఇటూ తిరిగి తిరిగి అలిసిపోయాయి. చివరికి వదినకి ఫోన్ చేసి రమ్మన్నారు.

వదిన వచ్చింది. నేచర్ అని చూసి భర్త మొహం వైపు చూసింది. "ఎవరికి దొరికింది?" అని అడిగింది.

"అన్నయ్యకి" అంది కామా.

వదిన కొంగుతో మొహం తుడుచుకుంది. చెమట పట్టలేదు, అయినా తుడుచుకుంది. తర్వాత రెండు రకాలుగానూ పేర్పించుకుని, అటు నుంచీ ఇటు నుంచీ చూసింది.

"స్టార్ అని పెడితే మళ్ళీ హోటలనుకుంటారండీ. గదులున్నాయా అని అడుగుతారు. ఆర్ట్సే పెట్టండి."

అన్నయ్య కాదనలేదు. కాదనడానికి దారి లేదు. పేరులో సగం తను ఇచ్చాడు, మిగతా సగం ఆవిడ ఎంచుకుంది.

అక్షరాలు బిగించడానికి నిచ్చెన వేసుకుని వెళ్ళిన రోజు మరో చిక్కు వచ్చింది. హోటల్ గోడ ఎండకి వెలిసిపోయింది కానీ, అక్షరాల వెనక దాక్కున్న రంగు వెలవలేదు. కాబట్టి గోడమీద పాత మాట నీడలా ఇంకా అలాగే ఉంది. దూరం నుంచే చదవొచ్చు. దాని మీద కొత్త మాట బిగిస్తే రెండూ కలిసి గందరగోళం అవుతుంది. సున్నం వెయ్యాల్సిందే. కామా బ్రష్ తీసి, ఎందుకో వెంటనే వెయ్యలేకపోయింది. నిచ్చెన మీద అలాగే నిలబడింది.

"దిగు" అన్నాడు అన్నయ్య కింద నుంచి. "నా గోడ. నేనే వేస్తా."

వాడు ఎక్కి, మొదటి ఆర్ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అక్షరాన్నీ దాని ఆకారం వెంటే పూసుకుంటూ వెళ్ళాడు. ఎస్ దగ్గరికొచ్చి దాని వంపులన్నీ తిరిగాడు. "నాన్న దీన్ని ఎందుకు తిట్టుకునేవాడో ఇప్పుడు తెలిసింది" అన్నాడు. ఆఖరి టి మీద చెయ్యి కొంచెంసేపు ఆగింది. అదీ పూసేసి, దిగి, మోచేతులకి అంటిన సున్నం కడుక్కుని, అందరికీ టీ పెట్టుకొచ్చాడు. సున్నం ఆరేదాకా మెట్లమీద కూర్చుని తాగారు. ఆ తర్వాత నాన్న అక్షరాలు పదీ, ఒక్కటి మిగలకుండా, ఒక్కటి కొత్తది కలవకుండా, వాటి కొత్త చోట్లకి ఎక్కాయి.

షాపు తెరిచిన రోజు పొద్దున్నే ఓ పెద్దాయన వచ్చాడు. పాతరోజుల్లో వారానికోసారి హోటల్లో తినేవాడు. మధ్యలో ఎక్కడికో వెళ్ళి ఆరోజే ఊళ్ళోకి వచ్చాడట. బోర్డు చూడలేదు, అలవాటుగా లోపలికొచ్చి, మొక్కల మధ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏముందయ్యా ఈరోజు?"

వదిన నోరు తెరిచేలోపే అన్నయ్య ముందుకొచ్చాడు. భుజంమీద తువ్వాలు కూడా ఉంది, పాత అలవాటు. "ఈరోజు పుదీనా తాజాగా ఉందండీ" అన్నాడు. "కుండీతో సహా."

పెద్దాయన చుట్టూ చూశాడు. పైకి చూశాడు. అప్పుడర్థమై, పొట్ట పట్టుకుని నవ్వాడు. అన్నయ్య ఆయనకి టీ ఇచ్చి, పుదీనాకి ఎండ ఎంత కావాలో, నీళ్ళెప్పుడు పొయ్యాలో, పూర్వం ఏ కూర ఎందుకు రుచో చెప్పినట్టే వివరంగా చెప్పాడు. అందులో సగం ముందురోజు వదిన దగ్గర నేర్చుకున్నది, మిగతా సగం అప్పటికప్పుడు కల్పించింది. వదిన వెనక నుంచి చొక్కా లాగుతూనే ఉంది. పెద్దాయన ఓ పుదీనా, ఇంకో రెండు పూలమొక్కలు పట్టుకుని వెళ్ళాడు.

ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పాకి, కామా షాపుకి కొత్తరకం మనుషులు రావడం మొదలైంది. మూతపడ్డ షాపుల బోర్డులు తెచ్చి, వీటిల్లో ఏమైనా దొరుకుతుందేమో చూడండి అంటారు. చాలావాటిల్లో ఏమీ దొరకదు. మొన్నొకాయన జిమ్ బోర్డు తెచ్చాడు, మూడే అక్షరాలు. కామా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ మూడింటినీ తిప్పింది. "మీరు కొత్తవి చేయించుకోవడమే మేలండీ" అని చేతులెత్తేసింది. ఏదైనా దొరికిన రోజున మాత్రం, ఎదురుగా ఎవరున్నా లేకపోయినా అరుస్తుంది.

అన్నయ్యకి ఇప్పుడు మొక్కల పేర్లన్నీ నోటికొచ్చు. కొన్నిటికి వాడు పెట్టిన పేర్లే జనం వాడుతున్నారు. షాపు వాళ్ళిద్దరికీ చాలినంతగా నడుస్తోంది. ఆ పది అక్షరాలు మాత్రం వాడి బుర్రలోంచి పోలేదు. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు కుర్చీ బయట వేసుకుని, తలెత్తి బోర్డు చూస్తూ కూర్చుంటాడు. ఓ రోజు కామా స్టీలు రేకు కోస్తుంటే ఫోన్ మోగింది.

"కామా! ట్యూనా దొరికిందే! టి, యు, ఎన్, ఎ. చేప!"

"మొక్కల షాపులో చేపనేం చేసుకుంటావన్నయ్యా?"

"ఏం చేసుకోను. దొరికిందని చెప్తున్నా" అన్నాడు అన్నయ్య, చాలా సంతోషంగా.